లొంగని ఈగల వంశం

కోనసీమలో ఈగకు ఏం తక్కువ? గౌతమికీ వశిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుపోయిన ఈ నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. కొబ్బరి నీడ కింద ఏడాది పొడవునా ఆరని తడి. ఇంటి వెనక పశువుల పాక, దాని పక్కన గత్తం పోగు. మండపేట, అనపర్తి వైపు కోళ్ల ఫారాల నుంచి లారీల మీద వచ్చిన కోళ్ల ఎరువు తోటల్లో కొబ్బరి మొదళ్లకు పడుతుంది. అంతర్వేది పల్లిపాలెం దగ్గర ఇసుక మీద చేపలు ఎండుతుంటాయి. ఆత్రేయపురంలో పూతరేకు మీద బెల్లం తరుగు చల్లే మనిషికి రెండో చెయ్యి ఈగలు తోలడానికే సరిపోతుంది. మామిడి, పనస ముగ్గే రోజులు దాటి తొలకరి చినుకు పడిందంటే రావులపాలెం నుంచి రాజోలు దాకా ఏ అరుగు మీద విస్తరి పరిచినా ముందు వచ్చి కూర్చునేది ఈగే.

ఆ రోజుల్లో పురుగుమందుల కొట్లో వినిపించే మాటలు కాస్త అటూ ఇటూగా ఇలా ఉంటాయి.

“పోయినేడు ఇదే మందు కొడితే గుట్టలుగా రాలిపడ్డాయండి. ఈ ఏడు తడిసి కూడా లేచి ఎగిరిపోతున్నాయి.”

“అలవాటు పడిపోయాయండి దానికి. ఇది పట్టుకెళ్లండి, కొత్తగా వచ్చింది. కాదంటారా, అదే డోసు పెంచి కొట్టండి.”

మందు పని తగ్గిందన్న రైతు మాట నిజమే. కల్తీ మందు తగిలి ఉండొచ్చు గానీ ప్రతిసారీ కల్తీ మీదికి నెట్టేయలేం. కొట్టువాడు చెప్పిన కారణం మాత్రం తప్పు. అలవాటు పడటమంటే ఒక ప్రాణి తన జీవితకాలంలో తాను మారడం. మందు తగిలి బతికిన ఈగ అలా మారి బతకలేదు. బతికే గుణం దానికి పుట్టుకతోనే ఉంది, పంపు చప్పుడు వినకముందే ఉంది. 2012లో వచ్చిన రాజమౌళి సినిమాలో ఈగ కసరత్తు చేసి రాటుదేలుతుంది. పాకలోని ఈగ రాటుదేలదు. చచ్చేది చస్తుంది, చావనిది గుడ్లు పెడుతుంది.

ఇంత ధీమాగా ఎలా చెబుతున్నాం అంటే, దీన్ని తేల్చిన ప్రయోగం ఒకటుంది. జీవశాస్త్రంలో నాకు చాలా ఇష్టమైన ప్రయోగాల్లో అదొకటి, మన పాఠ్యపుస్తకాల్లోకి ఎందుకు రాలేదో తెలియదు. 1960లో జె. బెన్నెట్ అనే శాస్త్రజ్ఞుడు ‘హెరెడిటీ’ పత్రికలో దాన్ని ప్రకటించాడు. పళ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని, అంటే డ్రోసోఫిలాను తీసుకుని, ఒక్కో కుటుంబం పిల్లల్ని రెండు వాటాలు చేశాడు. ఒక వాటాను డి.డి.టి. పూసిన కాగితం మీద వదిలి, ఏ కుటుంబం పిల్లలు ఎక్కువ తట్టుకున్నాయో చూశాడు. ఆ తట్టుకున్న ఈగల్ని పక్కన పెట్టేశాడు. డి.డి.టి. సోకని వాటి తోబుట్టువులకు జత కట్టించి తర్వాతి తరాన్ని పుట్టించాడు. పదికి పైగా తరాలు ఇదే వరస. చివరికి తయారైన ఈగల అమ్మానాన్నల్లో గానీ తాతముత్తాతల్లో గానీ ఒక్కదానికీ ఏనాడూ డి.డి.టి. తగల్లేదు. అయినా అవి డి.డి.టి.కి లొంగలేదు. అలవాటు పడటానికి అవకాశమే లేని వంశంలో లొంగని గుణం పెరిగింది. పెంచింది మందు కాదు, ఎంపిక.

రెండో సాక్ష్యం ఆస్ట్రేలియా నుంచి. అక్కడ గొర్రెల్ని పీడించే ఒక జాతి ఈగ ఉంది. దాని మీద ఆర్గానోఫాస్ఫేటు మందులు వాడటం 1950 ప్రాంతంలో మొదలైంది. అంతకుముందు పట్టి, సూదికి గుచ్చి పెట్టెల్లో దాచిన ఈగల నుంచి పరిశోధకులు డి.ఎన్.ఎ. తీసి చదివి, 2006లో ఫలితం ప్రకటించారు. ఆ మందుల్లో ఒకటైన మలాథియాన్‌ను తట్టుకునే జన్యుమార్పు ఆ పాత ఈగల్లో అప్పటికే ఉంది. మందు పుట్టకముందే దాని విరుగుడు ఈగల్లో తిరుగుతోందన్నమాట. డయాజినాన్ అనే ఇంకో మందును తట్టుకునే మార్పు మాత్రం ఆ పెట్టెల్లో దొరకలేదు. అది మరీ అరుదుగా ఉండి సూదికి చిక్కకపోయి ఉండాలి, లేదా తర్వాత పుట్టి ఉండాలి. ఎలా పుట్టినా మందు పిలిస్తే రాదు. గుడ్లు, వీర్యకణాలు తయారయ్యేటప్పుడు డి.ఎన్.ఎ. నకలు తీయడంలో దొర్లే తప్పులు అవి. చాలా తప్పులు దేనికీ పనికిరావు, కొన్ని చంపుతాయి. కోట్లలో ఏదో ఒకటి, ఎవరో ఎప్పుడో కొట్టబోయే మందుకు పనికొస్తుంది.

కొట్టువాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కొద్దిపాటి విషం తగిలితే ఈగ ఒంట్లో విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు కొంతసేపు ఎక్కువగా తయారవడం ఉంది. అది ఆ ఈగతో పోతుంది, పిల్లలకు అందదు. పోయినేటి ఈగలకూ ఈ ఏటి ఈగలకూ మధ్య పాతిక తరాలకు పైగా గడిచిపోయాయి కాబట్టి, అందే గుణం గురించే మనం మాట్లాడుకోవాలి.

ఈ కథ డి.డి.టి.తో మొదలైంది. 1874లోనే ఒత్మార్ సైడ్లర్ ఆ రసాయనాన్ని తయారుచేశాడు గానీ దేనికి పనికొస్తుందో చూడలేదు. అది పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండులోని గైగీ కంపెనీలో పాల్ ముల్లర్ కనుక్కున్నాడు. అందుకు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి చేతికి వచ్చేనాటికే ఇంటి ఈగ డి.డి.టి.ని దాటేసింది. 1946లో స్వీడన్‌లో, 1947లో ఇటలీలో ఈగలు చావడం లేదన్న వార్తలు వచ్చాయి. డెన్మార్కులో జె. కైడింగ్ అనే శాస్త్రజ్ఞుడు పశువుల కొట్టాల్లో ఈగల్ని దశాబ్దాల పాటు పరీక్షిస్తూ వచ్చాడు. డి.డి.టి. పోయి లిండేన్ వచ్చింది, అదీ పోయి డయాజినాన్, తర్వాత డైమిథోయేట్. కొత్త మందు కొన్నేళ్లు పనిచేయడం, ఆపైన చతికిలబడటం. అంతకంటే దిగులు పుట్టించేది ఇంకొకటి కనిపించింది: వాడకం మానేసిన మందుకు లొంగని గుణం ఈగల్లో తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మళ్లీ ఆ మందు పడితే మొదటిసారి కంటే చాలా తొందరగా పైకి లేస్తుంది.

మన దేశంలో డి.డి.టి. ఇళ్లలోకి వచ్చింది 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమంతో. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. “మలేరియా వాళ్లు” వచ్చి గోడలకు కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లడం పెద్దవాళ్లకు గుర్తుంటుంది. దోమ కోసం కొట్టిన మందు గోడ మీద వాలే ఈగకూ తగులుతుంది. మొదటి విడతల్లో ఈగలు, నల్లులు కూడా చచ్చేవి కాబట్టి జనం సంతోషంగా ఇల్లు ఖాళీ చేసి ఇచ్చారు. ఈగలు చావడం మానేశాక ఆ సంతోషం పోయింది. దోమ చచ్చిందో లేదో ఎవరికి తెలుస్తుంది, కళ్ల ముందు తిరిగేది ఈగ. 1961లో 50 వేల లోపుకు దిగిన మలేరియా కేసులు 1976కల్లా 64 లక్షలు దాటడానికి నిధుల కొరత నుంచి దోమల నిరోధం దాకా ఎన్నో కారణాలున్నాయి. మందు మీద జనానికి నమ్మకం సడలడం కూడా వాటిలో ఒకటి.

చావని ఈగ ఒంట్లో ఏముంటుంది? డి.డి.టి. పనిచేసేది నరాల మీద. నరంలో సంకేతం సాగాలంటే నరం పొరలోని సన్నటి ద్వారాల గుండా సోడియం లోపలికి రావాలి, వెంటనే ద్వారం మూసుకోవాలి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. షట్టరు లేపడం ఎంత ముఖ్యమో, వేళకు దించడం అంతే ముఖ్యం. డి.డి.టి. అణువు ఆ షట్టరు కింద అడ్డంపడిన దుంగలా పనిచేస్తుంది. మూసుకోవలసిన ద్వారం మూసుకోదు, సోడియం వస్తూనే ఉంటుంది, నరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఈగ వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకోవడం అందుకే.

ఆ ద్వారం ఒక పెద్ద ప్రోటీను, రెండువేలకు పైగా అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 1014వ స్థానంలో లూసిన్ ఉండాలి. కొన్ని ఈగల్లో అక్కడ ఫినైల్ అలనిన్ ఉంటుంది. జన్యువులో ఒక్క అక్షరం మారితే వచ్చే తేడా అది. ద్వారం మామూలుగానే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కానీ డి.డి.టి. ఇరుక్కోవడానికి అక్కడ సరైన చోటు ఉండదు. ఇలాంటి ఈగల్ని 1950ల మొదట్లోనే గుర్తించి, మందు దెబ్బకు పడిపోవు కాబట్టి ఆ గుణానికి ‘కె.డి.ఆర్.’ (నాక్‌డౌన్ రెసిస్టెన్స్) అని పేరు పెట్టారు. అసలు అక్షరం ఏదో తెలిసింది 1996లో. దానితో పాటు 918వ స్థానంలో మెథియోనిన్ బదులు థ్రియోనిన్ కూడా వస్తే ఆ ఈగ మరింత మొండిది. దాన్ని ‘సూపర్ కె.డి.ఆర్.’ అంటారు.

ఇంతకన్నా తెలివైన ఉపాయం ఎంజైములది. ఈగ ఒంట్లో ఒక ఎంజైము డి.డి.టి. నుంచి ఒక క్లోరిన్‌ను, ఒక హైడ్రోజన్‌ను ఊడదీసి దాన్ని డి.డి.ఇ.గా మార్చేస్తుంది. డి.డి.ఇ. ఈగను చంపదు. ఆర్గానోఫాస్ఫేటు మందుల విషయంలో ఎస్టరేజులు అనే ఇంకో కుటుంబం రంగంలోకి దిగుతుంది. అందులో ఒక ఎస్టరేజులో 137వ స్థానంలో గ్లైసిన్ బదులు ఆస్పార్టిక్ ఆమ్లం వస్తే, అప్పటిదాకా మరో పని చేసుకుంటున్న ఎంజైము ఫాస్ఫేటు మందును నరకడం మొదలెడుతుంది. ఇదే స్థానంలో ఇదే మార్పు ఆస్ట్రేలియా గొర్రెల ఈగలోనూ దొరికింది. రెండు వేరు వేరు జాతులు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒకే అక్షరం దగ్గరికి చేరాయి. ఈగకు అందుబాటులో ఉన్న దారులు మనం అనుకున్నంత ఎక్కువేమీ కావని దీనివల్ల తెలుస్తుంది. ఉన్న కొద్దిపాటి దారులే దానికి సరిపోతున్నాయి. ఇక పి450 ఎంజైములు సరేసరి. పైరిథ్రాయిడ్లు అనే మందుల్ని విరగ్గొట్టే సి.వై.పి.6డి1 అనేది మామూలు ఈగల్లోనూ ఉంటుంది, మొండి ఈగల్లో అనేక రెట్లు ఎక్కువగా తయారవుతుంది.

ఇవి కాక ఒంటి పైపొర గుండా మందు నెమ్మదిగా ఇంకేలా చేసే జన్యువు ఒకటి. మందు కలిపిన పంచదార ఎరను ముట్టకుండా వెళ్లిపోయే ఈగలు ఇంకొన్ని. పైపొర జన్యువు ఒంటరిగా ఉంటే పెద్ద లాభం ఉండదు, రెండు మూడు రెట్లు. కె.డి.ఆర్.తో, పి450తో కలిస్తే మాత్రం లెక్క కూడిక నుంచి గుణకారానికి మారుతుంది. 1982లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడి పశువుల కొట్టం నుంచి పట్టుకొచ్చిన ఈగల్ని ప్రయోగశాలలో పర్‌మెత్రిన్ అనే పైరిథ్రాయిడ్‌తో తరతరాలు ఎంపిక చేస్తే, మామూలు ఈగను చంపే మోతాదుకు దాదాపు 6,000 రెట్లు వేస్తే గానీ చావని వంశం తయారైంది. దాని ఒంట్లో ఈ మూడూ ఉన్నాయి.

ఏ గుణం ఏ క్రోమోజోము మీద ఉందో తేల్చే పద్ధతి కాస్త నిదానంగా చూడదగ్గది, ఎందుకంటే ఇందులో ఈగ మనకు ఒక వరం ఇచ్చింది. ఇంటి ఈగకు ఐదు జతల మామూలు క్రోమోజోములు, ఒక జత లింగ క్రోమోజోములు. మగ ఈగలో క్రోమోజోముల జత ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకోదు. అంటే తండ్రి నుంచి వచ్చే ఒక్కో క్రోమోజోము చెక్కుచెదరకుండా పిల్లకు చేరుతుంది. ప్రయోగశాలల్లో ‘ఆబీస్’ అనే ఒక వంశాన్ని పెంచుతారు. దాని ఐదు క్రోమోజోముల మీదా వరసగా ఒక్కొక్క గుర్తు ఉంటుంది: రెక్క ఈనెలో వంపు, మీసం స్థానంలో కాలు లాంటిది, గోధుమరంగు ఒళ్లు, పసుపు కళ్లు, కత్తిరించినట్టున్న రెక్క. మందుకు వెంటనే చచ్చిపోయే వంశం అది. మొండి మగ ఈగను ఆబీస్ ఆడ ఈగతో కలుపుతారు. పుట్టిన మగ పిల్లల్ని మళ్లీ ఆబీస్ ఆడ ఈగలతో కలుపుతారు. ఇప్పుడు ఒక్కో మనవడికి మొండి తాత క్రోమోజోములు ఏవి వచ్చాయో కంటితో చూసి చెప్పొచ్చు. గోధుమరంగు ఒళ్లు కనిపించకపోతే మూడోది తాతది, కళ్లు పసుపు కాకపోతే నాలుగోది తాతది. ఐదు గుర్తులు, ఒక్కోటి ఉండొచ్చు, లేకపోవచ్చు, మొత్తం 32 రకాలు. వాటన్నిటికీ ఆబీస్‌ను చంపే మోతాదు వేసి, తెల్లారి ఎవరు బతికారో లెక్కపెడతారు. బతికినవాటన్నిటిలో గోధుమరంగు ఒళ్లు లేకపోతే దొంగ మూడో క్రోమోజోము మీద ఉన్నట్టు.

కె.డి.ఆర్. అలాగే మూడో దాని మీద పట్టుబడింది. విషాల్ని విరగ్గొట్టే ఎంజైముల జన్యువులు, వాటిని ఎక్కువ తయారుచేయించే జన్యువులు రెండో దాని మీద చాలా చోటు ఆక్రమించాయి. స్పినోసాడ్ అనే కొత్తరకం మందును తట్టుకునే గుణం మొదటి దాని మీద. ఇంకో చిత్రం కూడా ఉంది. ఈగ మగదిగా పుట్టాలని నిర్ణయించే జన్యువును 2017లో కనుక్కున్నారు. అది అందరిలోనూ వై క్రోమోజోము మీద ఉండదు. కొన్ని మగ ఈగల్లో మూడో క్రోమోజోము మీద, కె.డి.ఆర్.తో ఒకే వరసలో కూర్చుంటుంది. మగ ఈగలో ముక్కల మార్పిడి లేదు కదా, కాబట్టి అలాంటి తండ్రికి పుట్టే ప్రతి కొడుక్కీ మగతనంతో పాటు మందు తట్టుకునే గుణం కూడా తప్పనిసరిగా అందుతుంది. ఆస్తి పంపకాల్లో కూడా ఇంత కచ్చితత్వం చూడం.

ఇప్పుడు డోసు సంగతి. ప్రతి ఈగకూ ప్రతి జన్యువు రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక పాకలో తిరిగే ఈగల జన్యువుల్లో వెయ్యి ప్రతులకు ఒకటి మొండి ప్రతి అనుకుందాం. రెండు ప్రతులూ మొండివైన ఈగ పది లక్షలకు ఒకటి. ఒక ప్రతి మాత్రమే మొండిదైన ఈగ సుమారు 500కు ఒకటి. కె.డి.ఆర్. లాంటి గుణంలో ఒక్క ప్రతి ఉంటే పెద్దగా కాపాడదు, గట్టి మోతాదు తగిలితే ఆ ఈగ కూడా చస్తుంది. పది లక్షలకు ఒకటి బతికితే దానికి తోడు దొరకడం కష్టం, అది జత కట్టేది మామూలు ఈగతోనే, పిల్లలకు ఒక్క ప్రతే అందుతుంది. కానీ తగిలింది పలచని మోతాదైతే ఆ 500కు ఒకటి చొప్పున ఉన్న ఈగలన్నీ బతికి, మామూలువన్నీ పోతాయి. మిగిలినవి ఒకదానితో ఒకటి జత కడతాయి. ఆ గుడ్లలో నాలుగో వంతుకు రెండు ప్రతులూ మొండివే. ఒక్క విడతలో పది లక్షలకు ఒకటి కాస్తా నాలుగుకు ఒకటి అవుతుంది.

అయితే కొట్టువాడు డోసు పెంచమన్నది సరైనదేనా? పుస్తకంలో సరే, పాకలో కాదు. గోడకు కొట్టిన మందు ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. మట్టి గోడ దాన్ని పీల్చుకుంటుంది, ఎండ విరగ్గొడుతుంది, వానాకాలం జల్లు కడిగేస్తుంది, పైన పేడ, దుమ్ము పేరుకుంటాయి. సోమవారం గట్టి మోతాదుగా మొదలైనది రెండు మూడు వారాలకు కచ్చితంగా ఆ పలచని స్థితి గుండా దిగుతుంది. ఎంత ఎక్కువ డోసుతో మొదలెడితే అంత ఆలస్యంగా దిగుతుందే తప్ప, దిగకుండా ఉండదు. ఇక సొంత లెక్కతో “రెండు మూతలు” కలిపే పద్ధతి గురించి చెప్పేదేముంది.

మందు మార్చడంలోనూ మోసం ఉంది, ఎవరూ కావాలని చేయని మోసం. పాకలో గేదె ఒంటికి పిడుదుల కోసం పూసేది డెల్టామెత్రిన్. గోడకు కొట్టేది సైపర్‌మెత్రిన్. రాత్రి వసారాలో వెలిగే దోమల చక్రంలో అల్లెత్రిన్ జాతిది, గోడకు గుచ్చిన ద్రవం సీసాలో ట్రాన్స్‌ఫ్లూత్రిన్. డబ్బాలు నాలుగు, కంపెనీలు నాలుగు, ఈగ నరంలో అవి వెళ్లి తగిలే ద్వారం ఒక్కటే. ఇవన్నీ పైరిథ్రాయిడ్లు. చామంతి జాతి పువ్వులోని విషాన్ని అనుకరిస్తూ ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో మైఖేల్ ఎలియట్ బృందం 1970ల్లో పర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ తయారుచేసింది. ఎండకు తట్టుకునే మందులని లోకం సంబరపడింది. కానీ డి.డి.టి. తగిలే సోడియం ద్వారానికే ఇవీ తగులుతాయి. 1950ల్లో డి.డి.టి. ఏరిపెట్టిన కె.డి.ఆర్. ఈగలు పాతికేళ్ల తర్వాత వచ్చిన ఈ మందుకు ముందే సిద్ధంగా ఉన్నాయి. మన దేశంలో వ్యవసాయంలో డి.డి.టి.ని 1989లో నిషేధించారు, గమాక్సిన్ పొడిగా అందరికీ తెలిసిన బి.హెచ్.సి.ని 1997లో. నువాన్ పేరుతో ఇంటింటా వాడిన డైక్లోర్‌వాస్ 2020 డిసెంబరు 31తో ఆగింది. నిషేధాలన్నీ మనుషుల మేలు కోరి చేసినవే. వాటి వల్ల చేతిలో మిగిలిన రకాలు తగ్గి, భారమంతా పైరిథ్రాయిడ్ల మీద పడిందన్నది కూడా నిజమే.

ఆ భారం ఎక్కడికి పోతుందో తెలుగు నేల ఒకసారి చూసింది, ఈగలో కాదు, పత్తి చేలో. 1980 ప్రాంతంలో పైరిథ్రాయిడ్లు మన దేశానికి వచ్చినప్పుడు గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల పత్తి రైతులకు అవి దేవుడిచ్చిన మందులు. శనగపచ్చ పురుగు ఒక్క దెబ్బకు రాలిపోయేది. ఒక పంటకు ఇరవై, ముప్పై సార్లు కొట్టిన చేలు ఉన్నాయి. 1987–88 పంటకాలంలో పురుగు చావలేదు. డోసు పెంచారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు, అప్పులు చేసి మళ్లీ కొట్టారు. పంట పోయింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ జిల్లాల పురుగుల మీద పరీక్షలు జరిగితే పైరిథ్రాయిడ్లను తట్టుకునే గుణం బయటపడింది. మన దేశంలో శనగపచ్చ పురుగులో దాన్ని నమోదు చేయడం అదే మొదలు. “మందు నకిలీది” అన్న మాట ఆ రోజుల్లో ఊరూరా వినిపించింది. నకిలీలు ఉండే ఉంటాయి. అసలు మందు కూడా పనిచేయని పురుగు అప్పటికే చేలో ఉంది.

పత్తి పురుగు తరం నెల రోజులు. ఈగ దానికంటే చాలా ముందుంటుంది. కోనసీమ వేసవిలో గుడ్డు ఒక్క రోజులోపే పగులుతుంది, పురుగు నాలుగైదు రోజులు తింటుంది, గూటిలో మరో నాలుగైదు రోజులు, మొత్తం పది రోజులకు రెక్కలు. ఒక ఆడ ఈగ విడతకు నూరు, నూటయాభై చొప్పున జీవితంలో దాదాపు 500 గుడ్లు పెడుతుంది. ఏడాదికి ముప్పై తరాలు. మనిషి తరం పాతికేళ్లనుకుంటే ముప్పై తరాలు వెనక్కి వెళితే రుద్రమదేవి కాలం వస్తుంది. మనకు అంతకాలంలో జరిగే ఎంపిక ఈగకు ఉగాది నుంచి ఉగాదికి జరిగిపోతుంది.

పాయలు దాటి రావడం కూడా దానికి కష్టం కాదు. సొంతంగా ఎగిరితే సాధారణంగా ఒకటి రెండు కిలోమీటర్లే తిరుగుతుంది. కానీ కోళ్ల ఎరువు లారీలో గూటి పురుగులు టికెట్టు లేకుండా ప్రయాణం చేస్తాయి. రావులపాలెం మీదుగా గానీ, యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా గానీ, చించినాడ వైపు నుంచి గానీ వచ్చే ప్రతి లోడుతో, ఎక్కడో ఒక ఫారంలో వారం వారం మందు కొట్టి ఏరిన జన్యువులు ఏనాడూ మందు కొట్టని కొబ్బరి తోటలో దిగుతాయి. ఆ తోట రైతు మొదటిసారి మందు కొట్టినా ఈగ చావదు. ఆయనకు అది అన్యాయంగా తోస్తుంది. అన్యాయమే.

దీనికి ఇంకో వైపు ఉంది. మందు తగలని తోటల్లోని మామూలు ఈగలు ఈ లెక్కలో మనవైపు. అవి మొండి ఈగలతో జతకట్టి ఆ జన్యువును పలచబరుస్తాయి. ఊరంతా ఒకే రోజు, ఒకే మందుతో పొగ పెట్టడం, గత్తం పోగు లోపల కూడా మందు పోయడం ఆ మామూలు ఈగల్ని తుడిచేసి మొండివాటికి ఊరంతా అప్పగించడమే. వాలే ఈగ మీద కంటే పుట్టే చోట పట్టుబడితే జన్యువుల గొడవే ఉండదు, ఎందుకంటే తడి లేకపోవడానికీ, వేడికీ లొంగని ఈగ పురుగు ఇంతవరకూ తయారుకాలేదు. కోళ్ల ఎరువు తాజాగా ఉన్నప్పుడు ముప్పావు వంతు నీరే. అది సగానికి దిగితే పురుగు పెరగడం బాగా తగ్గుతుంది. కాబట్టి కారే నీళ్ల గొట్టం బాగుచేయించడం, లోడు దించగానే తోటలో పలచగా పరిచి ఎండనివ్వడం, కుదరకపోతే టార్పాలిన్ కప్పి అంచులు మట్టితో మూయడం. పాకలో పేడ వారానికి ఒకసారికి తగ్గకుండా తీసేస్తే గుడ్డు ఈగ కాకముందే చోటు మారుతుంది. పోగు నడిమి వేడి 50 డిగ్రీలు దాటితే అందులో పురుగు బతకదు, చల్లగా ఉండే అంచుల్లోకి పాకుతుంది. అందుకే పోగు తిరగేసేటప్పుడు అంచుల్లోని ఎరువును లోపలికి వేయాలి. వానల్లో ఇదంతా చెప్పినంత సులువు కాదు, లంక గ్రామాల్లో అయితే మరీను.

పురుగును పురుగుతో చంపించడం కోనసీమకు కొత్త కాదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి నల్లతల గొంగళి పురుగు మీదకు వదిలే గోనియోజస్, బ్రాకన్ అనే చిన్న కందిరీగల్ని పెంచి రైతులకు ఇస్తారు. కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు ఐసేరియా అనే శిలీంద్రాన్ని పెంచి పంచింది కూడా అక్కడే. ఇంటి ఈగకూ అలాంటి శత్రువులున్నాయి. స్పలాంజియా అనే నల్లటి చీమంత కందిరీగ గూటి పురుగుకు కన్నం పెట్టి లోపల గుడ్డు పెడుతుంది. ఎరువు పోగులో తిరిగే మాక్రోకీలిస్ అనే నల్లి జాతి జీవి ఈగ గుడ్లు తింటుంది. ఇబ్బంది ఏమిటంటే స్పలాంజియా తరం మూడు వారాలకు పైనే, ఈగది పది రోజులు. పోగు మీద మందు పడితే రెండూ చస్తాయి, కానీ కందిరీగ ఒక తరం పూర్తిచేసేలోపు ఈగ రెండు తరాలు ముందుకు పోతుంది. ఎరువు మొత్తం ఒకేసారి ఎత్తేసినా అదే జరుగుతుంది. అందుకని ఫారాల్లో ఎరువు తీసేటప్పుడు ఒక వరస తీసి, పక్క వరసను ఇంకో విడతకు వదలమంటారు. తీసిన చోట కూడా అడుగున జానెడు ఎండిన పాత పొరను అలాగే ఉంచాలి, ఆ కందిరీగలూ నల్లులూ ఉండేది అందులోనే.